కంట్రోల్ చార్టులో కాంతి గీత

గుడివాడలో బయల్దేరిన బందరు బండి ఎక్కడిదాకా వచ్చిందో చెప్పాలంటే సెక్షన్ కంట్రోలర్‌కి మ్యాపు అక్కర్లేదు, చార్టు చాలు. ఓ పక్కన వరుసగా గుడ్లవల్లేరు, కవుతరం, పెడన. అడ్డంగా గంటలు, నిమిషాలు. బండి ఆగితే గీత అడ్డంగా సాగుతుంది, కదిలితే వాలుతుంది. సింగిల్ లైన్ రోజుల్లో ఎదురెదురు బళ్ళ గీతలు ఏదో ఒక స్టేషన్ దగ్గరే కలుసుకోవాలి. మధ్యలో కలిశాయంటే ఇక చెప్పేదేముంది!

ఐన్‌స్టీన్ సాపేక్షతా సిద్ధాంతానికి హెర్మన్ మింకోవ్‌స్కీ 1908లో కొలోన్ ఉపన్యాసంలో ఇచ్చిన బొమ్మ కూడా ఈ జాతిదే. ఇందులో కాలం నిలువునా పైకి పోతుంది. ఒక మైక్రోసెకనుకి ఒక గడి అనుకుంటే, దూరంలో 300 మీటర్లకి ఒక గడి. అప్పుడు కాంతి గీత సరిగ్గా 45 డిగ్రీల్లో పడుతుంది. ఆ కొలతలో బందరు ప్యాసింజరు గీతని, కదలని స్టేషన్ గీతని భూతద్దం పెట్టి చూసినా విడదీయలేం. సాపేక్షత మన అనుభవానికి అందకపోవడానికి కారణం అదే.

బందరు దగ్గరి గిలకలదిండి రేవులో ఒక దీపం, సుమారు 300 కిలోమీటర్ల అవతల విశాఖలో మరొకటి ఒకేసారి వెలిగాయనుకుందాం. మన బొమ్మలో రెండు చుక్కలూ ఒకే అడ్డగీత మీద ఉంటాయి. కాంతి వేగంలో 60 శాతంతో విశాఖవైపు దూసుకెళ్ళే వాడి గీత కాంతి గీతవైపు ఎంత వాలుతుందో, వాడికి ఒకేసారి జరిగేవాటిని కలిపే ‘ఇప్పుడు’ గీత కింది నుంచి అంతే లేస్తుంది. దాంతో వాడి లెక్కలో విశాఖ దీపం 0.75 మిల్లీసెకన్ల ముందే వెలిగింది. ఇద్దరిదీ నిజమే. కాంతి ఒకదాన్నుంచి రెండోదానికి చేరగల సంఘటనల వరస మాత్రం ఎవరికీ తారుమారు కాదు.

స్కేలు పెట్టి కొలిచేవాళ్ళు ఇక్కడే బోల్తా పడతారు. మన గడియారంలో 1.25 గడులు గడిచేసరికి వాడు 0.75 గడి దూరం పోతాడు. కాగితం మీద ఆ గీత పొడవు 1.46. వాడి గడియారం చూపేది 1. నిలువు వర్గంలోంచి అడ్డం వర్గాన్ని తీసెయ్యాలి, కలపకూడదు: 1.5625 లోంచి 0.5625 పోతే 1. నన్నడిగితే సూత్రాలు బట్టీ పట్టించే ముందు పిల్లలచేత ఈ ఒక్క గీతా గీయించాలి. ఐన్‌స్టీనే మొదట్లో మింకోవ్‌స్కీ పద్ధతిని అనవసర పాండిత్యం అన్నాడంటారు. తర్వాత ఇది లేకుండా ఆయనకే గడవలేదు.

ఈ లెక్క బడికే కాదు, రేవుకీ పనికొస్తుంది. గిలకలదిండి హార్బర్ నుంచి సముద్రంలోకి పోయే బోట్లలో జీపీఎస్ పెట్టెలున్నాయి. వాటికి దారి చెప్పే ఉపగ్రహాల గడియారాలు వేగం వల్ల రోజుకి సుమారు 7 మైక్రోసెకన్లు వెనకబడతాయి. భూమి ఆకర్షణ పైన తక్కువ కాబట్టి 45 ముందుకు పోతాయి. తేడా 38. దాన్ని దిద్దకపోతే దూరం లెక్క రోజుకి 11 కిలోమీటర్లు తప్పుతుంది. ఆ 7 వరకూ మన గడుల కాగితం సరిపోతుంది. 45కి సరిపోదు, దానికి కాగితాన్నే వంచాలి, ఆ పని ఐన్‌స్టీన్ 1915లో చేశాడు.