సున్నం తెలుపు, జాజు ఎరుపు

ఒడిశా గంజాంలోని చికిటి పాత వీధుల్లో ఇళ్ళు ఒకదాని గోడకు ఇంకొకటి ఆనుకుని ఉంటాయి. ముఖం సన్నం, లోతు ఎక్కువ. వీధి అరుగెక్కి, గడప దాటి, సావిడిలోంచి నడుచుకుంటూ మండువా చేరేదాకా ఒక్క కిటికీ తగలదు. రెండు పక్కలా పొరుగువాళ్ళ గోడలే, కిటికీ పెట్టుకునేందుకు చోటేది? వెలుతురు రావాలంటే వీధి తలుపు నుంచి రావాలి, లేదంటే మండువా మీది ఆకాశం నుంచి దిగాలి. అలాంటి ఇంట్లో రంగుల ముచ్చట తెలుపుతోనే మొదలవుతుంది.

తెలుపంటే ఏ రంగూ వేయకపోవడమే అనుకునేవాళ్ళు పాత సున్నం గోడను పొద్దుటిపూట ఒకసారి చూడాలి. ఎండ మండువాలోకి ఏటవాలుగా దిగి, ముందు పడమటి గోడకు తగులుతుంది. ఆ గోడ మెరవదు. తళతళలాడదు. తన మీద పడ్డ ఎండను కాసేపు లోపల ఉంచుకుని మెత్తబరిచి పంపుతున్నట్టుంటుంది. అక్కడి నుంచి వెలుగు ఎదుటి గోడకు, దాని నుంచి నడిమిగదికి, చివరికి ధాన్యం బస్తాలున్న చీకటి మూలకు చేరుతుంది. చేరేసరికి ఎండలోని పదును పోయి, ఒక చల్లటి పాలవన్నె మాత్రం మిగులుతుంది. ఆ మూలలో నిలబడితే ఎదుటివాళ్ళ మొహాలు ఎంత అందంగా కనిపిస్తాయో! నీడలున్నాయి గానీ ఏ నీడకూ కరుకైన అంచు లేదు.

ఇందులో మాయ కొంత, రసాయనం కొంత. నానబెట్టిన సున్నం గోడకెక్కాక గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మళ్ళీ కాల్షియం కార్బొనేట్ అవుతుంది. అంటే బట్టీలో కాల్చకముందు ఏ రాయో, ఏ గుల్లో అయి ఉన్నదో మళ్ళీ అదే అవుతుంది. గోడకు మనం పూసేది రంగు కాదు, పలచటి రాతిపొర. ఆ పొరలోని సన్నటి స్ఫటికాలు వెలుగును నలువైపులా చెదరగొడతాయి. ప్లాస్టిక్ ఎమల్షన్ పైపైనే నున్నగా పరుచుకుంటుంది కాబట్టి, ట్యూబులైటు పడ్డచోట ఒక మెరుపు మచ్చ, మిగతా అంతా చప్పిడి. పైగా సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో గోడలోని చెమ్మ బయటికి పోవాలి. సున్నం దాన్ని పోనిస్తుంది. ప్లాస్టిక్ పొర పోనివ్వదు, ఉబ్బి, పెచ్చులూడి, ఉప్పు పొంగుతుంది. అందం సంగతి అటుంచి, గోడ ఆరోగ్యం కోసమైనా సున్నానికే నా ఓటు.

ఇక నీలి. సున్నపు నీళ్ళలో చిటికెడు నీలిమందు కలిపే అలవాటు మన ఇళ్ళన్నిటా ఉన్నదే. అది తెలుపులో దాగిన పసుపుదనాన్ని చంపుతుంది. కానీ ఎంత? నీలి తాకాలి, కనపడకూడదు. కొత్తగా వేసిన సున్నం తడిగా ఉన్నప్పుడు నీళ్ళలా పలచగా, గోడ లోపలి మరకలన్నీ బయటపెడుతూ ఉంటుంది. ఆరుతున్నకొద్దీ తెల్లబడుతుంది. ఆ ఆరే గంటల్లో నీలి ఎక్కువైందో తక్కువైందో తేలిపోతుంది. ఎక్కువైతే గది ఆస్పత్రి అవుతుంది. సరిపోతే, కార్తీకంలో తెల్లవారుజామున, దీపం ఇంకా ఆరకముందు, ఆ గోడ మీద ఆకాశం ఒక పల్చటి పొరగా వచ్చి కూర్చుంటుంది. ఈ ఒక్క ఘడియ కోసం ఏడాదికోసారి కుంచె పట్టినా శ్రమ అనిపించదు.

తెల్లగోడ కింద, నేలకు ఆనుకుని, మూరెడు ఎత్తున జాజు పట్టీ. ఒడియా ఇళ్ళల్లో గేరు అంటారు. వాన చినుకులకు ఎగిరే బురద, ఆనుకు కూర్చున్నవాళ్ళ వీపుల మురికి కనపడకుండా ఉండటానికే పుట్టిందది. అంతవరకు ఉపయోగం. కానీ ఆ ఎరుపు లేకపోతే ఇల్లంతా గాలిలో తేలిపోయేది. నాట్యశాస్త్రం రసాలకు రంగులు చెప్పింది: శృంగారానికి శ్యామం, హాస్యానికి తెలుపు, కరుణకు పావురాయి బూడిద, రౌద్రానికి ఎరుపు, అద్భుతానికి పసుపు. అదే లెక్కన ఎరుపు గోడంతా పరుచుకుంటే గదిలో రౌద్రమే మిగులుతుంది. మూరెడు దగ్గర ఆగితే మంగళం. క్షేమేంద్రుడు కావ్యానికి ప్రాణమన్న ఔచిత్యం ఇక్కడ కుంచె మొనలో ఉంది. గడపకు పసుపు కూడా అంతే. వేలెడు వెడల్పు. దానికి మించితే దాని కాంతి పోతుంది.

మార్గశిరం వచ్చిందంటే ఈ వైపు గోడలు మాట్లాడతాయి. గురువారాన్ని లక్ష్మివారం అనే ఉత్తరాంధ్ర వాళ్ళకు ఆ నెల లక్ష్మివారాల నోము కొత్త కాదు. ఒడియా వాళ్ళకు అదే మాణబసా గురువారం. బియ్యప్పిండి జారుగా కలిపి, గోడ మీదా నేల మీదా ఝొటి వేస్తారు. నేల మీద లక్ష్మి పాదాలు గడప నుంచి లోపలికి నడుస్తాయి. గోడ మీద వరి వెన్నులు మొలుస్తాయి. ఈ వెన్నులు వేసే తీరు చూడముచ్చటగా ఉంటుంది: పిండినీళ్ళలో ముంచిన గడ్డి కుచ్చునో గుడ్డ కుచ్చునో గోడ మీద విదిలించి కొడితే ఒక్క దెబ్బకు వెన్ను విచ్చుకుంటుంది. దిద్దడం ఉండదు, చెరపడం ఉండదు. పిండిబొట్లు కిందికి జారితే జారనివ్వడమే. ఎర్రమట్టి గోడ మీద పచ్చిగా ఉన్నప్పుడు మసకగా ఉండి, ఆరాక ఒక్కసారి తెల్లగా వెలిగే ఆ గుత్తులు చూస్తే, కొలతలు పెట్టి అతికించే వాల్‌పేపరు ఎంత ప్రాణం లేనిదో తెలుస్తుంది. తెలుగు వాకిట్లో చుక్క పెట్టి, లెక్క చూసి, పొడిముగ్గు వేస్తారు. ఝొటిలో విసురు, ముగ్గులో నిగ్రహం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక ప్రావిన్సు అయినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోని చికిటి అటు వెళ్ళింది, ఇచ్ఛాపురం ఇటు ఉండిపోయింది. అయినా ఆ సరిహద్దు వాకిళ్ళలో విసురూ నిగ్రహమూ పక్కపక్కనే కనిపిస్తాయి.

గంజాంలో గదినిండా రంగే ఉన్న చోట్లూ లేకపోలేదు. ఆశ్వయుజంలో జరిగే ఓషకోఠి నోముకు మంగళాదేవి బొమ్మలతో, పరివార దేవతలతో గోడలు నిండిపోతాయి. బుగుడ బిరంచి నారాయణ గుడిలో రామాయణం గోడల మీదే నడుస్తుంది. చిత్రకారుల పాత పద్ధతిలో శంఖం నూరి తెలుపు, హరిదళంతో పసుపు, ఇంగిలీకంతో ఎరుపు, దీపపు మసితో నలుపు, పట్టు కోసం వెలగబంక. అంత రంగు పక్కపక్కన పెట్టినా కళ్ళు అదరకపోవడానికి కారణం ఆ నల్లగీత. ఏ రంగునూ పక్కదాని మీదికి పోనివ్వదు. అద్భుతం! కానీ అది దేవత ఉండే గది. పిల్లలు చదువుకోవడానికీ, మధ్యాహ్నం ఒక కునుకు తీయడానికీ కాదు.

ఇప్పుడు గంజాం ఊళ్ళలో లేస్తున్న స్లాబు ఇళ్ళ సంగతి. చాలావాటి వెనక సూరత్‌కు వలసపోయి మగ్గాల దగ్గర పగలూ రాత్రీ నిలబడ్డ కాళ్ళున్నాయి. ముందు గోడకు చిలకపచ్చ, వంకాయ రంగు, మధ్యలో నారింజ పట్టీ. పట్నం వాళ్ళు నవ్వుతారు. నేను నవ్వను. ఏళ్ళ తరబడి దూరాన ఉన్నవాడు ఊరికి తిరిగొచ్చాడని వీధి చివర నుంచే తెలియాలిగా! వీధి వైపు ఎంత గోల అయినా చేయనీ. నా పోట్లాటంతా ఆ వంకాయ రంగు లోపలి గదుల్లోకి రావడంతోనే. పగలే చీకటి పడుతుంది.

ఖర్చు లేకుండా గది మార్చుకోవాలనుకునేవాళ్ళకు ఈ చుట్టుపక్కల సరుకు చాలు. బరంపురం పట్టు చీర మడతల్లో చీలిందా? పారేయొద్దు. గుడి శిఖరాల వరుసలా ఉండే ఆ కుంభాల అంచును కత్తిరించి, తెల్లటి నూలు పరదా అడుగున కుట్టండి. గోడ కింద జాజు పట్టీ చేసే పనే తెరకు ఆ అంచు చేస్తుంది. బెల్లగుంఠ ఇత్తడి చేప, ఒళ్ళంతా వంపులు తిరిగేది, ఒకటి కొనండి. ఒకటే. తెల్లగోడ ముందు అర మీద పెడితే సాయంత్రపు దీపానికి ఆ పొలుసులు ఒక్కొక్కటే అంటుకుంటాయి. రెండోది కొంటే దుకాణం. వానాకాలంలో మొగలిపువ్వు దొరికితే ఒక రేకు బట్టల బీరువాలో ఉంచండి. చికిటి, ఛత్రపురం వైపు చేలగట్ల మీద అది పెరిగేదే.

ఇంకొక్క మాట. అన్నీ సరిగ్గా చేసి పైన నీలపు తెలుపు ఎల్‌ఈడీ బిగిస్తే జాజు మట్టిరంగుకు దిగిపోతుంది, ఇత్తడి పాలిపోతుంది. పసుపువన్నె బల్బు పెట్టండి, అదీ తలకన్నా కింద, గోడ వైపు తిప్పి.

ఈసారి పండక్కి ఇంటికి రంగులు వేయించేటప్పుడు ఒక్క గదినైనా సున్నానికి వదలండి. పాత ఎమల్షన్ మీద సున్నం నిలవదు కాబట్టి దాన్ని పూర్తిగా గీకించాకే వేయించండి. సున్నం కళ్ళల్లో పడకుండా చూసుకోండి. రెండు పూతలకు తొందరపడి మూడోది మానకండి.