ఇరవై సెకన్ల బొమ్మ

పెచకుచ అంటే జపనీస్‌లో ముచ్చట్ల సందడి. 2003లో టోక్యోలో ఆస్ట్రిడ్ క్లైన్, మార్క్ డైథమ్ అనే ఆర్కిటెక్టులు ఈ పేరుతో కళాకారుల ప్రసంగ సాయంత్రాలు ప్రారంభించారు. ఒక్కొక్కరికి 20 బొమ్మలు, బొమ్మకు 20 సెకన్లు. 6 నిమిషాల 40 సెకన్లలో ముగించాలి. ఆర్కిటెక్టులకు మైకు దొరికితే వదలరనే ఈ కట్టడి. (ఆచార్యుల సంగతి చెప్పనక్కరలేదు!)

ఇందులో మేలుంది. కొత్తవారికీ, పేరున్నవారికీ సమయం సమానం. ఉపోద్ఘాతాలకు చోటుండదు. అయితే బొమ్మను మార్చేది వక్త కాదు, యంత్రం అన్నది గమనించండి. దీని పక్కన తెలంగాణ పటం కథను పెట్టి చూడండి. కూనపులివారు చేర్యాల నకాషీలు వేసిన పటాన్ని విప్పుతూ పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెబుతారు. అక్కడ పటం విప్పే చేయి కథకుల పక్షానిదే. శ్రోతలు లీనమైన చోట బొమ్మ నిలుస్తుంది. పెచకుచలో ఆ ఆగే హక్కు లేదు. ఫొటోలు చూపేవారికి నష్టం తక్కువేమో కానీ, చిత్రకారుడికి ఎక్కువే. నెలల తరబడి వేసిన చిత్రంలో ఒక మూలనున్న గీతను మనం పట్టుకునేలోపే తెర మారిపోతుంది. బొమ్మ అప్పుడు మాటకు ఆసరా మాత్రమే.

అభ్యాసం: ఒక చేర్యాల బొమ్మను 20 సెకన్లు చూసి మూసివేయండి. తర్వాత 5 నిమిషాలు చూడండి. రెండోసారి కొత్తగా కనిపించినవి రాయండి.