‘ఏం పిల్లడో’ పాటలో ప్రేమ ఎక్కడుంది?

వంగపండు ప్రసాదరావు ‘ఏం పిల్లడో ఎల్దమొస్తవ’ పాటను మన విమర్శకులు మెచ్చుకునే తీరు నాకు సమ్మతం కాదు. ప్రేమపాట రూపంలో విప్లవ వస్తువును చెప్పాడంటారు. అంటే జానపద బాణీ ఒక చెంబు, పోరాటం అందులో పోసిన నీళ్లు. ఈ లెక్కన చెంబు మార్చినా నీళ్లు నీళ్లుగానే ఉండాలి. ఈ పాటలోంచి ఆ పిల్ల పిలుపు తీసేసి చూడండి, ఏం మిగులుతుందో. ఒక కరపత్రం కూడా మిగలదు. రూపాన్ని ముసుగుగా చూసే అలవాటు వల్ల మనం చాలా జానపద గేయాలను సగమే చదువుతున్నాం. ప్రేమ దగ్గర కళ్లు మూసుకుని, పోరాటం దగ్గర తెరుస్తున్నాం.

పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో 1943లో పుట్టినవాడు వంగపండు. విశాఖపట్నం నౌకా నిర్మాణ కేంద్రంలో కార్మికుడు. 1972లో ఏర్పడిన జననాట్యమండలి వ్యవస్థాపకుల్లో ఒకడు. 2020 ఆగస్టు 4న పార్వతీపురంలోనే కన్నుమూశాడు. ఈ వివరాలు అందరికీ తెలిసినవే. తెలియాల్సింది ఆ పల్లవిలోని వ్యాకరణం.

‘వెళ్దాం’ అన్న క్రియలో ఇద్దరూ ఉన్నారు, నిర్ణయం అప్పటికే అయిపోయింది. ఆ తర్వాత ‘వస్తావా’ అని అడగడం. ముందు మనమిద్దరం అనేసి, ఆనక నీ సంగతేమిటని అడిగే ఈ చనువు మా ఉత్తరాంధ్ర పల్లెల్లో సంతకు పోయేటప్పుడో, విజయనగరం సిరిమానుకు బయలుదేరేటప్పుడో వినిపిస్తుంది. దీన్ని విడదీసి, దీర్ఘాలు దిద్ది శిష్టం చేస్తే చనువు పోతుంది, నడక కుంటుతుంది. నండూరి ఎంకి కూడా తన బావను ఇలాంటి చనువుతోనే పిలిచింది కాని, ఆమె వెనక షావుకారి అప్పుపద్దు లేదు.

మరి ఈ పిల్ల ఎక్కడికి పిలుస్తోంది? శ్రీకాకుళం కొండకు. శ్రీకాకుళం జిల్లా ఏజెన్సీలో కలిసి నడవడం ఒకప్పుడు ఎంతటి నేరమో చరిత్రలో ఉంది. 1967 అక్టోబరు 31న మొండెంఖల్ సభకు వెళుతున్న గిరిజనులను లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు అడ్డుకున్నారు. కోరన్న, మంగన్న తుపాకి కాల్పులకు బలయ్యారు. వాళ్లు చేసిందల్లా ఒక సభకు గుంపుగా బయలుదేరడం. వంగపండు ఆ ఘటనను మనసులో పెట్టుకునే పల్లవి కట్టాడని నేను అనడం లేదు. అయితే ఆ దారులున్న జిల్లాలో ‘వెళ్దాం’ అన్న మాట మామూలు మాటగా మిగలదని మాత్రం అంటున్నాను.

బొడ్డపాడు శివాలయ పూజారి, జముకుల కథను ఉద్యమానికి తెచ్చిన సుబ్బారావు పాణిగ్రాహి 1969 డిసెంబరులో పోలీసుల చేతుల్లో చనిపోయాడు. 1970 జూలై 10న వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం చనిపోయారు. జననాట్యమండలి వేదికల మీద ఈ పాట మోగేనాటికి, ముందు వెళ్లినవాళ్లు తిరిగిరాలేదని కింద కూర్చున్న జనానికి తెలుసు. తెలిసిన జనం ముందు ఒక పిల్ల నవ్వుతూ, ఆటపట్టిస్తూ, పోదాం రమ్మంటోంది. ఆ సరసంలోని బరువు అక్కడుంది.

ఇంకొకటి. కొండ మీద చిలుకలు కత్తులు దులుపుతున్నాయని ఆమె చెబుతుంది. కళ్లారా చూశానని మాత్రం అనదు, ‘అట’ అంటుంది. విన్నమాట అది. ఊరి వార్త ఎప్పుడూ ‘అట’తోనే నడుస్తుంది కదా. చిలుక మన శృంగార కావ్యాల్లో ప్రేమ కబుర్లు మోసే పక్షి, దాని చేతికి కత్తి ఇవ్వడంలో వంగపండు కొంటెతనం ఉంది. ప్రేమ కవిత్వపు సరంజామాను పారేయకుండా, దానికే పని అప్పగించాడు.

మరో విశేషం, పిలిచేది ఆడది. మన ఉద్యమ గేయాల్లో స్త్రీ చాలాసార్లు గుమ్మంలో నిలబడి వీడ్కోలు చెప్పే తల్లి, లేదా కన్నీళ్లు తుడుచుకునే ఇల్లాలు. ఇక్కడ పిల్లకు ముందే కబురు తెలుసు, పిల్లడే తేల్చుకోవాలి. దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోకపోవడం నాకు ఆశ్చర్యంగానే ఉంది.

పశ్చిమ దేశాల్లో ప్రసిద్ధమైన ప్రేమపాట వెనక కథ ఏమిటంటే సాధారణంగా ఒక స్త్రీ పేరు చెబుతారు. 1970లో డెరెక్ అండ్ ది డామినోస్ బృందం పాడిన ‘లైలా’కు మూలం ఎరిక్ క్లాప్టన్ తన మిత్రుడు జార్జ్ హారిసన్ భార్య ప్యాటీ బాయ్డ్‌ను ప్రేమించడం. పేరు మాత్రం నిజామీ లైలా మజ్నూ కావ్యం నుంచి వచ్చింది. దాన్ని తక్కువ చేయనక్కర్లేదు, ఆ వేదన నిజమైనదే. అదే ఏడాది మన కొండల్లో జరుగుతున్నది వేరు. ‘ఏం పిల్లడో’ పిల్ల ఎవరని ఆరా తీసేవాడికి ఒక వ్యక్తి దొరకదు, ఒక జిల్లా దొరుకుతుంది.

ఈ సంగతి సినిమాలే బయటపెట్టాయి. ఆర్. నారాయణమూర్తి ‘అర్ధరాత్రి స్వతంత్రం’లో 1986లో పాట తన కొండతో సహా తెరకెక్కింది. 2009లో ‘మగధీర’ ఆ పల్లవిని ఒక ఆటపాటలోకి తీసుకుంది. అనుమతి లేకుండా వాడారని వంగపండు అభ్యంతరం చెప్పాడు. హక్కు సంగతి న్యాయమైనదే, కాని సాహిత్య విద్యార్థికి అంతకంటే ముఖ్యమైన పాఠం ఉంది. రూపం వేరు, సారం వేరు అన్నవాళ్ల మాట ప్రకారం అక్కడ రూపమైనా క్షేమంగా ఉండాలి. పిలుపు ఉంది, బాణీ ఉంది, కవ్వింపు ఉంది. వెళ్లేచోటు లేకపోయేసరికి ‘ఎల్దం’ అన్న క్రియ కాలు కదపకుండా ఒకేచోట గంతులేస్తోంది. ప్రేమ కూడా పలచబడింది. రెండు సినిమాల పాటలూ పక్కపక్కన పెట్టి వినండి. ఒక్కొక్కదాంట్లో ఊళ్ల పేర్లు, కొండల పేర్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి.