పక్షివిశేషము : పెద్దనలంచి

మన నిఘంటువులఁ దిరుగవేయువారికిఁ "బక్షివిశేషము" అనుమాట మిక్కిలి పరిచితము. పదమునకు వ్యుత్పత్తి యూహింతురు, ప్రయోగము చూపుదురు. ఆ పక్షి యెట్టిదో, ఎప్పుడు కూయునో, ఏమని కూయునో మాత్రము చెప్పరు. 1885లో వెలువడిన శబ్దరత్నాకరము మహోపకారకగ్రంథమే గాని, యీ విషయమున దానినుండియు మనకు లభించునది స్వల్పము. ఇందువలనఁ గలుగు హాని నొక్క పిట్టను బట్టి పరిశీలింతము.

విశాఖపట్టణమున సింహాచలము దిగువతోఁటలలోను, కంబాలకొండ యంచులందును, ఊరిలోని పాతయిండ్ల పెరళ్లలోను వసంతమునఁ దెల్లవాఱుచుండఁగాఁ జెట్టుకొననుండి యొక పిట్ట పాడును. పొడవు జానెఁడునకు లోపు. మగది నిగనిగలాడు నలుపు. కడుపును, ఱెక్కమీఁది పట్టెయుఁ దెలుపు. ఆఁడుదానికి నలుపున్నచోట బూడిదవన్నె. తోఁక నిక్కించి నిలుచును. ఇదియే పెద్దనలంచి. మార్చి మొదలు జూలై వఱకుఁ జెట్టుతొఱ్ఱలలోను, గోడబొక్కలలోను గూడు కట్టుకొను దినములలో దీని పాట నిండుగా వినవచ్చును. చలికాలమున నించుమించు మౌనమే. ఈలవంటి స్వరముల నెత్తి దించి, నడుమ నితరపక్షుల పలుకుల ననుకరించి కలుపును. బెదరినప్పుడు కఱకుగా నఱచును. పాట గూఁటి ఋతువునకుఁ జెందినది, కూఁత యేఁడంతయు నక్కఱకు వచ్చునది. ఈ భేదమును బాలురకు బోధించుటకు దీనికంటె మంచి యుదాహరణము మన పెరళ్లలో లేదు.

దీని శాస్త్రనామచరిత్రము గ్రంథపరిష్కర్తలు చదువఁదగినది. లిన్నేయసు 1758లో దీనికి "సౌలారిస్" అను పేరిడెను. హిందీ "దయాల్" శబ్దమును ఆంగ్లేయులు "డయల్" అని పలికిరి. డయలనఁగా నీడగడియారము, కావున సూర్యసంబంధమగు "సోలారిస్" అని వ్రాయఁబోయి లిన్నేయసు తప్పు వ్రాసెనని కొందఱు పండితులు తలంచిరి. తరువాతఁ దేలినదేమన, చెన్నపట్టణమున వైద్యుఁడుగా నుండిన ఎడ్వర్డు బల్క్లీ యీ పక్షిని "సౌలరీ" యను దేశ్యనామముతో నింగ్లండునకుఁ బెటివరున కంపెను. ఆ పేరే గ్రంథమునఁ జేరినది. నూఱుపాటలు గలదని దాని కర్థము చెప్పుదురు. సుబోధమగు పాఠమునకై సత్యమగు పాఠమును ద్రోసివేయు జాడ్యము తాళపత్రములతోఁ బనిచేయువారికి మాత్రమే గలదనుకొంటిమి!

ఇఁకఁ గావ్యముల మాట. నలుపుతెలుపుల పిట్ట యనఁగానే పండితునకు ఖంజరీటము, అనఁగాఁ గాటుకపిట్ట, తోఁచును. అది వేఱు, నేలపైఁ బరుగిడుచుఁ దోఁకను మీఁదికిఁ గ్రిందికి నాడించును. కవులు దానిని గన్నుల కుపమానము చేసిరి. కంటికి ఖంజనము కుదిరినట్లు చెవికిఁ బెద్దనలంచి కుదురలేదు. ఆ పీఠమును గోకిల యాక్రమించెను.

కవిసమయ ముండఁగాఁ బక్షిపరిచయ మేల యని కొంద ఱాక్షేపింపవచ్చును. ఈ యాక్షేపము నిలువదు. కవిసమయములలోఁ బెక్కింటికి మూలము కన్నులారఁ జూచుటయే. ఖంజనమును శరత్తునకుఁ జేర్చిరి. కాటుకపిట్టలలోఁ గొన్ని జాతులు నిజముగా నా కాలముననే యుత్తరమునుండి వలస వచ్చును. కోకిలను బరభృత మనిరి. అది కాకిగూఁటఁ బెరుగుట సత్యము. కాళిదాసు కుమారసంభవమందలి వసంతవర్ణనమున సామాన్యముగాఁ గోకిల యనక "పుంస్కోకిల" మనియే యనెను. మనము మెచ్చుకొను "కుహూ" రవము మగదానిదే. ఒడలెల్లఁ జుక్కలుగల యాఁడుకోయిల కీచుకీచున వడిగాఁ గూయును. తెలుఁగున నీ పదమున కమహద్వాచకత్వమువలన లింగము మఱుఁగువడఁగా, మనవారు "కోయిలమ్మ" యని పాటను ఆఁడుదాని కొప్పగించిరి. పాటలలో నది సొగసే. కాని పుంశబ్దమును వ్యర్థపదముగా దాఁటిపోవు వ్యాఖ్యాత మాత్రము కాళిదాసు చెవికిఁ దీఱని యపకారము చేసినవాఁడగును.

పందొమ్మిదవ శతాబ్దమున నెల్లూరిలో వైద్యుఁడుగా నుండిన జెర్డను నలంచిని, పెద్దనలంచిని వేఱ్వేఱుగా గుర్తించి తెలుఁగు పేళ్లను దన గ్రంథముల కెక్కించెను. 1930వ దశకమున విజ్లరు, కిన్నియరు తూర్పుకనుమల పక్షులఁ గూర్చియు, 1980వ దశకమున రిప్లీ, బీలరు, కృష్ణరాజుగార్లు విశాఖమండలపుఁ గనుమల పక్షులఁ గూర్చియు వ్రాసిరి. అన్నియు నాంగ్లముననే. మన యూరి పిట్టపేరు కొఱకుఁ దెలుఁగుపండితుఁడు పరభాషాగ్రంథము తెఱవవలసివచ్చుట వింత గాదా?

అమరకోశపు సింహాదివర్గమును బాఠము చెప్పు నుపాధ్యాయులు తమ గ్రామమున నేయే పిట్ట నేమని పిలుతురో వ్రాసికొని పరిషత్తుల కంపినచోఁ, గ్రొత్తనిఘంటువున "పక్షివిశేషము" అను పంక్తికి బదు లిట్టిది చేర్పవచ్చును: "పెద్దనలంచి: దే. వి. జానెఁడునకు లోపగు పిట్ట, మగది నలుపుతెలుపు, ఆఁడుది బూడిదతెలుపు, తోఁక నిక్కించును, వసంతగ్రీష్మముల వేకువఁ జెట్టుకొననుండి పాడును, ఖంజరీటము గాదు."