దంపతుల మౌనమును వినుట

దంపతుల కలహమనగానే తప్పెవరిదో తేల్చవలెనని పెద్దమనుషులకు తోచుట సహజము. తగవు తీర్చు పీఠము నెక్కక, ఆ కలహము వెనుక నణగియున్న భయమును, బెంగను వెలికి రానిచ్చుట మాత్రము శ్రమించి నేర్వవలసిన విద్య. 1980ల ఆరంభమున కెనడాలోని వాంకూవర్ నగరమున స్యూ జాన్సన్, లెస్లీ గ్రీన్‌బర్గ్ అను నిరువురు, దంపతుల సంభాషణల టేపులను మరల మరల పరిశీలించి, నేడు ఈఎఫ్‌టీ యని వ్యవహరింపబడు ఈ భావోద్వేగ కేంద్రిత చికిత్సకు రూపమిచ్చిరి. జాన్సన్ ఇంగ్లండులో మద్యశాల నడుపు కుటుంబమున పెరిగినది. మనుషుల మాటలును, పోట్లాటలును ఆమెకు పుస్తకములకన్న ముందే పరిచయము.

దీనిని నేర్చుటయు ఆ మార్గముననే. మొదట నాలుగు దినముల తరగతి, పిమ్మట అభ్యాసము, ఆపైని, దంపతుల అనుమతితో తీసిన తన వీడియోను పర్యవేక్షకుల యెదుట పెట్టుకొని కూర్చుండుట. నేను చూచిన యొక శిక్షణలో, "ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లు ఒక్క ఫోనైనా చేయలేదండీ మీరు" అని భార్య యనగా, భర్త మారుపలుకక చేతిగడియారపు పట్టీని త్రిప్పుచుండెను. శిక్షార్థి ఆమెను ఓదార్చి ముందునకు సాగిపోయెను. పర్యవేక్షకురాలు వీడియో నాపి, "ఆయన చేతిని చూచితివా?" అని మాత్రమే అడిగెను. తరువాతి సమావేశమున శిక్షార్థి ఆ చేతికడనే ఆగి, తొందరపడక ప్రశ్నింపగా, "ఏం వినాల్సివస్తుందోనని ఫోను పట్టుకుని కూర్చున్నాను" అని భర్త పలికెను. "ఆ మాటను నాకు కాదు, ఆమెవైపు తిరిగి చెప్పుడు" అనుట ఈ చికిత్సకు ఆయువుపట్టు.

ఆత్మీయుల అండ బిడ్డకే కాక పెరిగిన మనిషికిని ప్రాణావసరమనునది మనోవైద్యుడగు బౌల్బీ చెప్పిన, ఈ చికిత్సకు మూలమైన సిద్ధాంతము. దానికి బలమొసగిన మనస్తత్వవేత్త మేరీ ఐన్స్‌వర్త్ తొలి పరిశీలన 1954-55లలో ఉగాండా పల్లెలలో సాగినది గాని పాశ్చాత్య నగరములలో గాదు. అవసరము అందరిదే, దానిని బయటపెట్టు తీరు ఎవరిది వారిదే. "భోంచేశారా" యను నొక్క ప్రశ్నలో అలుకను, అనురాగమును కూడ దాచగల గృహిణిని, అన్యుల యెదుట భర్త కన్నులలోనికి చూచి మనసు విప్పుమనుట దుడుకుదనమే. ఆంగ్లమున తరగతులు విన్నవారు తెలుగున సాధన చేయనిచో, వారి మృదువాక్యములు పరీక్షలో వ్రాసిన జవాబులవలె వినిపించును.

అట్లని మౌనమంతయు సిగ్గేయని తలంచుట మరింత ప్రమాదము. ఇంట దెబ్బలు తినుచున్న స్త్రీ మౌనము వేరు. హింస సాగుచున్న కాపురమునకు ఈ చికిత్స తగదని దీనిని బోధించువారే చెప్పుదురు. కావున భార్యాభర్తలను వేరువేరుగా కలిసికొని, భయమేమైన నున్నదాయని అడిగి తెలిసికొననిదే ఏ చికిత్సకుడును వారిని ఎదురెదురుగా కూర్చుండబెట్టరాదు.