ట్రంపెట్టు కూనిరాగం

పెళ్లి ఊరేగింపులో బ్యాండుమేళం ట్రంపెట్టు విని చెవులు మూసుకున్నవాళ్లమే మనమంతా! అదే వాద్యం, జోకొడుతూ తల్లి తీసే కూనిరాగంలా పలుకుతుందంటే నమ్ముతారా? అమెరికా ట్రంపెట్ విద్వాంసుడు జాన్ హాసెల్, ఇంగ్లండుకి చెందిన బ్రయన్ ఈనో కలిసి 1980లో తెచ్చిన ‘ఫోర్త్ వరల్డ్ వాల్యూమ్ 1: పాసిబుల్ మ్యూజిక్స్’ రికార్డు వినండి.

హాసెల్ కిరానా ఘరానా గాయకుడు పండిట్ ప్రాణ్‌నాథ్‌కి శిష్యుడు. ఆయన దగ్గర అబ్బిన మీండ్‌ని (మన జారుకి చుట్టమే అనుకోండి) ట్రంపెట్టులోకి తెచ్చుకున్నాడు. స్వరం మెట్లు దిగదు, నూనెలా జారుతుంది. ఆపైన హార్మనైజర్ అనే యంత్రం ఒక్క గొంతుని రెండు మూడు గొంతులు చేస్తుంది. అడుగున మన ఘటం కూడా ఉందండోయ్! కచేరీలోలా పోటీపడదు, పెరట్లో ఎవరో బిందె మీద వేళ్లాడిస్తున్నట్టుంటుంది.

రెండో వైపంతా ఒకటే రచన, 21 నిమిషాల పైచిలుకు. నిజం చెప్పొద్దూ, సగానికే నాకు విసుగొచ్చింది.

అసలు బాధ వేరే ఉంది. అట్టమీద ఇద్దరి పేర్లూ ఉన్నా, ఈనో పేరు పెద్దది కనక చాలామంది దీన్ని ఆయన రికార్డుగానే చెప్పుకున్నారు. ఈనో పనితనం తక్కువని కాదు. కానీ పొద్దుట్నుంచీ పులుసు మరిగించినావిడ వంటింట్లో ఉండగా, వడ్డించినావిడతో ‘భలే పులుసండీ’ అంటే ఎలా ఉంటుంది? హాసెల్‌కి తానెంత ఋణపడ్డాడో 2007లో ఈనోయే పత్రికలో రాశాడు. 27 ఏళ్లకి! 2021లో హాసెల్ పోయాడు.

రాత్రి వంటిల్లు సర్దుకున్నాక, చిన్నగా పెట్టుకుని మొదటి వైపు వినండి.