మిద్దె మీది బాడుగ

బళ్లారిలో చేతిలో నాలుగు డబ్బులు ఆడగానే ముందు సైటు, తర్వాత బాడుగ ఇల్లు గుర్తొస్తాయి. బాడుగ కోసమే పెట్టుబడి పెట్టేవాళ్లు బయట ఇల్లు వెతకక ముందు తమ మిద్దె మీదికెక్కి చూడాలంటాను. మూడు పోర్షన్ల ఇల్లు 60 లక్షలకు దొరికిందనుకుందాం. పోర్షనుకు 7,000 చొప్పున నెలకు 21,000. ఏడాదికి రెండు నెలల ఖాళీ, సున్నాలు, కుళాయి మరమ్మతులు, ఆస్తి పన్ను పోగా మిగిలేది 1,95,000. అంటే మూడుంపావు శాతం. అందులో 40 లక్షలు బ్యాంకు అప్పయితే, 9 శాతం వడ్డీకి 20 ఏళ్ల కంతు నెలకు 36,000 దాకా పడుతుంది. ఖర్చులు పోగా మిగిలే బాడుగ అందులో సగానికీ చాలదు. అదే సొంత ఇంటి మీద 16 లక్షలతో రెండు చిన్న పోర్షన్లు లేపితే, ఖాళీ నెలలూ ఖర్చులూ పోయినా 8 శాతం నిలుస్తుంది. జాగా మళ్లీ కొనక్కర్లేదు కదా!

జాగా ధర పెరుగుతుందిగా అంటారు. పెరగొచ్చు, కానీ అమ్మేదాకా అది కంతు కట్టదు. 2011 జులైలో సుప్రీంకోర్టు జిల్లాలో ఇనుప ఖనిజం తవ్వకాలు ఆపింది. షరతుల మీద కొన్ని గనులకు 2012 సెప్టెంబరులో, మరికొన్నింటికి 2013 ఏప్రిల్‌లో మళ్లీ దారి దొరికింది. గనుల డబ్బును నమ్మి అప్పుతో సైటు కొన్నవాడికి ఆ మధ్యకాలమంతా వడ్డీ ఆగలేదు. జీన్స్ కుట్టేవాళ్లు, మెడికల్ కాలేజీ విద్యార్థులు, తోరణగల్లు ఉక్కు ఫ్యాక్టరీకి వెళ్లొచ్చేవాళ్లు, ఇలా రకరకాల కొలువులవాళ్లున్న ఊరిలో రెండు పోర్షన్లూ ఒకే పనిమీద ఆధారపడ్డవాళ్లకు ఇవ్వకపోవడం మేలు.

భోగ్యానికిస్తే కట్టడం ఖర్చంతా ఒక్కసారే చేతికొస్తుందన్న ఆశ ఉంది. అది బాడుగ కాదు, అప్పు. గడువు తీరిన రోజు మొత్తం తిరిగివ్వాలి. ఆ డబ్బు గోడల్లో కలిసిపోయి ఉంటుంది.

ప్రతి ఇల్లూ పైఅంతస్తు మోయదన్నది మాత్రం గట్టి అభ్యంతరం. రేగడి నేల వానకు ఉబ్బి, ఎండకు కుంగుతుంది. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పైకి పాకిన బీట కనిపిస్తే పునాది కదిలిందేమోనని అనుమానించాలి. రాతి గోడల పాత మట్టి మిద్దెలపై ఆశే వద్దు. కట్టగలిగితే మెట్లు బయటినుంచి, కరెంటు మీటరు, నీళ్ల ట్యాంకు ఎవరివి వాళ్లకు పెట్టండి. బాడుగ ఇళ్లలో తగాదాలు ఎక్కువగా నీళ్ల దగ్గరే మొదలవుతాయి.

ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా ఖాతా, ప్లాను కాగితాలు కన్నడంలో ఉంటాయి. చదివించుకుని, ఇంజనీరుకు పునాది చూపించాకే ఇటుకలకు బయానా ఇవ్వండి.